ఆ నూట ఇరవై నేను రాసింది కాదు

కంప్యూటరు వచ్చిన రోజు మా నర్సులందరిలోకి ఎక్కువ సంబరపడినదాన్ని నేనే. ఇది ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే తర్వాత నా మీద "కంప్యూటరంటే గిట్టని మొండిది" అని ఒక ముద్ర పడింది. మొండిదాన్నే, కాదనను. కంప్యూటరంటే గిట్టకపోవడం మాత్రం అబద్ధం.

మాది జనగామ. మా నాయినకు బజారులో కిరాణా దుకాణం. దుకాణం ఉన్న ఇంటి ఆడపిల్ల ఊళ్లు పట్టుకుని తిరిగి సూదులు వేయడమేమిటని మావాళ్లు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. "కాన్పులు జేసే పని మనకెందుకు బిడ్డా" అని మా అవ్వ ఏడ్చింది. నేను పెట్టె సర్దుకుని ట్రైనింగుకు పోయాను. ఉద్యోగం మా జిల్లాలోనే గూడూరు దిక్కు, అడవి అంచున ఒక ఉపకేంద్రంలో వచ్చింది. ఒక గది, ముందు వరండా, పక్కన బోరింగు. నా కింద రెండు ఊళ్లు, నాలుగు తండాలు. ఊళ్లు తిరిగే నర్సు పనంటే సగం నడక, సగం రాత. గర్భిణులకు ఒక రిజిస్టరు, పిల్లల టీకాలకు ఒకటి, జ్వరాలకు ఒకటి, మందులకు ఒకటి. ఒకే మనిషి పేరు, వయసు, ఊరు ఆరేడు చోట్ల రాయాలి. ఆ సంచి మోసీ మోసీ నా కుడి భుజం ఇప్పటికీ కొంచెం కిందికే ఉంటుంది.

ఆ రిజిస్టర్లలో గర్భిణులది నాకు ప్రాణం. అచ్చువేసి ఇచ్చిన గళ్లు నాకు సరిపోయేవి కావు. స్కేలు పెట్టి పక్కన ఇంకో మూడు గీసుకున్నాను. మిరప ఏరడానికి ఎటు పోతుంది, ఎప్పుడొస్తుంది అని ఒకటి. తెలుగు బాగా వచ్చా, లంబాడీ మాటే అర్థమవుతుందా అని ఒకటి. నొప్పులొస్తే ఎవరి బండి పిలవాలి అని ఇంకొకటి. తండాలో ఆడవాళ్లు ఇంట్లో తమ భాషే మాట్లాడుకుంటారు. "కాళ్లు వాచినయా" అని నేను తెలుగులో అడిగితే మొహమాటానికి లేదని తల ఊపేవాళ్లు. వాటిలో ఒక తండా ఆశా వర్కరు యాభై ఏళ్ల మనిషి. నేను అక్కా అని పిలిచేదాన్ని. తన గుడిసె ముందు నన్ను కూర్చోబెట్టుకుని, తలనొప్పిని ఏమంటారో, కళ్లు మసకబారడాన్ని ఏమంటారో, కడుపులో బిడ్డ కదలికను ఏమంటారో ఆమే నేర్పింది. నేను పలికే తీరుకు పడీ పడీ నవ్వేది. ఆ మూడు ప్రశ్నలూ వాళ్ల భాషలో అడగడం వచ్చాక నా రిజిస్టరులో ఎర్రసిరా ఎక్కువైంది. జబ్బులు పెరిగి కాదు, అప్పటిదాకా దాచిన జవాబులు బయటికి రావడం వల్ల.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లోనే మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కంప్యూటరు వచ్చింది. గర్భిణుల వివరాలన్నీ ఇకమీదట అందులోకి ఎక్కించాలని, ఏ దవాఖానకు పోయినా అక్కడి డాక్టరు ఆ వివరాలు చూసి వైద్యం చేస్తాడని చెప్పారు. ఒకసారి రాస్తే చాలు, అన్ని చోట్లా కనిపిస్తుంది. నేను మనసులోనే దండం పెట్టుకున్నాను. వివరాలు కొట్టడానికి కాంట్రాక్టు మీద ఒక ఆపరేటరును పెట్టారు. ముప్పై దాటినావిడ, డిగ్రీ చదివింది, మంచి మనిషి. చుట్టుపక్కల ఉపకేంద్రాల రిజిస్టర్లన్నీ ఆమె ఒక్కతే కొట్టాలి. కరెంటు ఉన్నప్పుడే కొట్టాలి. వారానికోసారి నా రిజిస్టరు పట్టుకుపోయి ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని.

మొదటి రోజే తెలిసింది, కంప్యూటరులో తండాలు లేవని. ఊళ్ల పేర్ల జాబితా ఒకటి ముందే పెట్టారు, అందులో ఉన్నవాటినే ఎంచుకోవాలి. నా నాలుగు తండాలూ పక్క ఊరి పేరు కిందికే పోయాయి. ఒకే పేరున్న ఆడవాళ్లు ముగ్గురు మూడు తండాల్లో ఉంటే, ముగ్గురూ ఒకే ఊరివాళ్లయ్యారు. నేను గీసుకున్న గళ్లకు అందులో చోటే లేదు.

"ఏంజెయ్యాలె అక్కా, అదేమిస్తె అదే కొట్టాలె. నా చేతుల ఏం లేదు" అంది ఆపరేటరు.

"మరి ఎవ్వరి చేతుల ఉన్నది?"

ఆమె చూపుడు వేలు పైకెత్తి చూపించింది. సీలింగు ఫ్యాను తిరుగుతోంది. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటికి అది నవ్వుకునే సంగతే.

ఆ ఏడాది ఎండలు ముదరకముందు, ఆశా అక్క తండాలో ఒక పిల్ల తొలిచూలుతో ఉంది. ఇరవై రెండేళ్లుంటాయి. నాలుగో నెలలో నా దగ్గర పేరు రాయించుకుంది, అప్పుడు అంతా బాగానే ఉంది. తర్వాత మొగుడితో కలిసి ఖమ్మం దిక్కు మిరప ఏరడానికి పోయింది. రెండో పరీక్షకు రావలసిన నెలలో ఆమె తండాలో లేదు. నా రిజిస్టరులో ఆ గడిలో "ఊళ్లో లేదు, మిరపకు పోయింది" అని రాశాను. ఎనిమిదో నెల నిండుతుండగా తిరిగొచ్చింది. నడిచి వస్తుంటేనే చూశాను, పాదాలు రొట్టెల్లా పొంగి ఉన్నాయి. బీపీ చూస్తే నూట యాభై బై వంద. మూత్రం పరీక్షనాళికలో పోసి దీపం మీద వేడి చేస్తే తెల్లగా విరిగింది, అది మంచి గుర్తు కాదు. ఇంకో చేతికి మళ్లీ చూశాను, అదే బీపీ. ఎర్రసిరాతో రాసి, కింద రెండు గీతలు కొట్టాను.

"పెద్ద దవాఖానకు పోవాలె. గీ వారంల్నే పోవాలె" అని ఆమెకు, ఆమె అత్తకు వాళ్ల భాషలోనే చెప్పాను. సరేనన్నారు. ఆమె తల్లీపిల్లల కార్డు మిరప చేను కాడ వానకు తడిసి ముద్దయిపోయింది. కొత్త కార్డులు స్టాకు లేవు. కార్డు లేకపోయినా కంప్యూటరు చీటీ ఇస్తే చాలని అప్పటికే ఆదేశం వచ్చింది. మర్నాడే రిజిస్టరు పట్టుకుపోయి ఆపరేటరుకు ఇచ్చాను. "ఈ పిల్లది ముందు కొట్టు చెల్లె" అని ఆ పేజీలో కాగితం ముక్క పెట్టి మరీ వచ్చాను. మూడు రోజుల తర్వాత రిజిస్టరు తిరిగి నా చేతికి వచ్చింది. చీటీలు నేరుగా ఆశాలకు పంచారు.

ఆ వారంలోనే, చీటీ చేతికొచ్చి వాళ్లు బయల్దేరదామనుకుంటుండగా, ఒక పొద్దున ఆశా అక్క ఫోన్ చేసింది. "సిస్టర్, పిల్లకు తల పగిలిపోతున్నదట. కండ్లు మసక అంటున్నది. జల్ది రా."

నేను పోయేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని రెండు చేతులతో తల పట్టుకుని ఉంది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే వేరే దిక్కు పోయిందన్నారు. నా రిజిస్టరులో మూడో గడిలో రాసి ఉన్న ఆటో అతన్ని పిలిచాం. అత్త, ఆశా అక్క, నేను, ఆ పిల్ల బయల్దేరాం.

ఆ రోజు రాస్తారోకో. తారురోడ్డు ఎక్కగానే కనిపించింది, అడ్డంగా రాళ్లు, మధ్యలో మూడు పొయ్యిలు, వాటి మీద అన్నం గంజులు, చుట్టూ ఊరు ఊరంతా. తెలంగాణ వచ్చేదాకా ఇంట్లో వండుకోం, రోడ్డు మీదే వండుకుంటామని ఆ రోజుల్లో అట్ల కూర్చునేవాళ్లు. ఆటో ఆగక ముందే నేను దూకి పరుగెత్తాను.

"అన్నా, కడుపుతో ఉన్న పిల్ల. బీపీ ఎక్కింది. తొవ్వ ఇయ్యిండ్రి."

నా మాట పూర్తి కాలేదు. ఒకావిడ చీర కొంగు చేతికి చుట్టుకుని ఉడుకుతున్న గంజు దించింది. ఇంకొకరు మండే కట్టెలు లాగి పక్కన పడేశారు. మగవాళ్లు రాళ్లు జరిపారు. ఎవరో పెద్దాయన ఇద్దరిని మోటారుసైకిలెక్కించి, "ముంగట ఎక్కడెక్కడ కూసున్నరో అందరికి జెప్పుకుంట పోండ్రి, ఆటో ఎక్కడ ఆగొద్దు" అని తోలాడు. మేము దవాఖాన చేరేదాకా దారిలో ఇంకో రెండు చోట్ల జనం కూర్చుని ఉన్నారు. రెండు చోట్లా మేము వచ్చేసరికే రోడ్డు ఖాళీగా ఉంది. ఒకచోట పక్కకు జరిగి నిలబడ్డ ఆడవాళ్లు ఆటో వంక చూసి చేతులు జోడించారు.

ఆ పెద్ద దవాఖాన ఏ టౌనులోదో ఇక్కడ రాయను. తప్పు ఆ ఒక్క దవాఖానది కాదు. కాన్పుల గది ముందు జనం కిటకిటలాడుతున్నారు. డ్యూటీ డాక్టరమ్మ అప్పటికే రెండు కాన్పుల మధ్య ఉంది. బల్ల దగ్గరున్న మనిషి కంప్యూటరు చీటీ అడిగాడు. ఆశా అక్క కొంగుముడి విప్పి ఇచ్చింది. అతను చూసి, "నూట ఇరవై బై ఎనభై. నార్మలే ఉంది కదా. నంబరొచ్చే దాంక బెంచీ మీద కూసోండ్రి" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆ చీటీ లాక్కుని చూశాను. ఆమె పేరే. ఊరు పక్క ఊరు. చివరి పరీక్ష, బీపీ నూట ఇరవై బై ఎనభై. కాళ్ల వాపు లేదు. ఆమె మిరప చేలో ఉన్న నెల తేదీ అది. నేను ఎర్రసిరాతో రాసిన పరీక్ష అందులో అసలు లేదు.

"ఇది నేను రాసింది గాదు. ఇగో నా రిజిస్టరు చూడు" అని బల్ల మీద తెరిచి పెట్టాను. "రిజిస్టర్లు ఇప్పుడు చూస్తలేమమ్మా, ఆన్‌లైన్ల ఉన్నదే లెక్క" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాడు. అతనితో వాదిస్తూనే సంచిలోంచి నా బీపీ మిషను తీసి బెంచీ మీదే ఆమె చేతికి చుట్టాను. నూట ఎనభై బై నూట పది. అప్పటికి మేము వచ్చి ముప్పావుగంట దాటింది. నేను కేక వేస్తుండగానే ఆమె చేయి నా చేతిలో బిగుసుకుంది. కళ్లు పైకి పోయాయి. ఫిట్స్.

లోపలి నుంచి ఒక స్టాఫ్ నర్సు పరుగెత్తుకొచ్చింది. నా రిజిస్టరు పేజీ మీద ఒక్క చూపు చూసింది, అంతే. ఇంకేమీ అడగలేదు. ఇంజెక్షన్లు, ఆక్సిజను, లోపలికి. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల. బయట అత్త గోడకు తల కొట్టుకుంటుంటే ఆశా అక్క ఆమె నుదుటికి, గోడకు మధ్య తన అరచేయి పెట్టి నిలబడింది. ఆ చేయి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

మర్నాడు ఆపరేటరు దగ్గరికి పోయాను. తిట్టడానికే పోయాను. ఆమె నన్ను చూడగానే ఏడుపు మొదలుపెట్టింది.

"రెండో చెకప్ నింపకుంటె మూడోది తీసుకుంటలేదక్కా. ఖాళీ పెడితె ఎర్రగ చూపిస్తది, ముందుకు పోనియ్యది. అందుకే రెండో దాంట్ల నార్మల్ అని కొట్టిన. మూడోది కొడదామనేసరికి కరెంటు పోయింది. మల్ల వచ్చేసరికి నీ పేజీ మర్చిపోయిన. చీటీలు ఆ మధ్యల్నే ప్రింట్ తీసిన్రు."

"ఇట్ల ఎంతమందికి కొట్టినవ్?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. చెప్పక్కర్లేదు. మిరపకు, పత్తికి, ఇటుక బట్టీలకు పోయే ప్రతి ఆడమనిషికీ ఒక దొంగ పరీక్ష, ఒక దొంగ నూట ఇరవై. కంప్యూటరులో మా తండాలన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. తిట్టడానికి వచ్చినదాన్ని కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. "లేదు" అని చెప్పే దారి లేని చోట ఆమె ఏం చేస్తుంది? నేను కూడా పేజీలో కాగితం పెట్టి వచ్చాను తప్ప, ఆమె కొట్టేదాకా పక్కన కూర్చోలేదు. ఆ తప్పు నాది. ఎవరూ అడగకపోయినా ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నెల తర్వాత సమీక్ష మీటింగు పెట్టారు. ఇట్లా బిడ్డ దక్కని కేసులను ఒక్కొక్కటీ గోడ మీద వెలుగులో చూపించి చదివేవాళ్లు. ప్రతి కేసుకు ఒక కారణం ఎంచుకోవాలి. జాబితా ముందే ఉంది. కుటుంబం ఆలస్యం చేసింది. వాహనం దొరకలేదు. దారిలో ఆటంకం. తల్లికి ముందే జబ్బు ఉంది. ఇతర కారణాలు. అంతే. పెద్ద అధికారి కోస్తా మనిషి, వయసు మీద పడినాయన. మా కేసు రాగానే తడుముకోకుండా అన్నాడు, "దారిలో ఆటంకం అని పెట్టండి. ఆ రోజు రాస్తారోకో కదా, రోడ్లన్నీ మూసేశారుగా. నర్సమ్మ ఎక్కడ? వచ్చి సంతకం చెయ్యండి."

నేను లేచి నిలబడ్డాను. "గట్ల గాదు సార్. రాస్తారోకోల మమ్మల్ని ఎవ్వరు ఆపలే. పొయ్యి మీది గంజు దించి మరీ తొవ్వ ఇచ్చిన్రు."

"ఏవిటీ, గంజాయా?" అన్నాడాయన. ముందు వరసలో నవ్వులు. "కొంచెం అర్థమయ్యే తెలుగులో చెప్పమ్మా."

సినిమాల్లో మా మాట వినపడగానే హాలంతా నవ్వడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. నేనూ నవ్వి ఊరుకున్న రోజులున్నాయి. ఆ రోజు నవ్వు రాలేదు.

"గంజు అంటె అన్నం వండే గిన్నె సార్. అర్థం గాకుంటె మల్ల జెప్త, ఎన్నిసార్లయిన జెప్త. కని నా మాట మాత్రం మార్చి జెప్ప. రోడ్డు మీద మాకు ఆలస్యం గాలే. దవాఖాన బెంచీ మీద అయింది. చీటీల నార్మల్ అని ఉన్నది గాబట్టి అయింది. ఆ పిల్ల ఊర్ల లేని నెలల ఆమెకు బీపీ చూసినట్టు మన కంప్యూటర్ రాసుకున్నది. గీ జాబితాల గా కారణం లేదు. అది పెట్టుండ్రి, సంతకం వెడ్త."

ఆయన ముఖం ఎర్రబడింది. "అంటే ఆపరేటరు తప్పుడు ఎంట్రీ వేసిందంటావు. ఆవిడ పేరు చెప్పు, ఇవాళే తీసేస్తాను."

వెనక వరసలో ఆపరేటరు తల వంచుకుని కూర్చుని ఉందని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. "ఆమె రాయలే సార్, ఆమెతోటి రాయించిన్రు. చూడలేదు అని కొట్టనియ్యని కంప్యూటర్ల ఎవ్వరు కూసున్న గదే కొడ్తరు. మీరు కూసున్న గదే కొడ్తరు."

"సంతకం చేస్తావా, చెయ్యవా?"

"చెయ్య."

కూర్చున్నాను. పక్కన కూర్చున్న నర్సు, పెద్దవంగర దిక్కు పనిచేసే ఆమె, బల్ల కింద నా చేయి పట్టుకుంది. మీటింగు అయ్యేదాకా వదల్లేదు.

సంగతి బయటికి పొక్కింది. రెండు రోజులకు ఉద్యమంలో తిరిగే కొందరు వచ్చారు. "అక్కా, మంచిగ జెప్పినవ్. ఆదివారం సభల ఆ పిల్లను తీస్కొచ్చి స్టేజీ ఎక్కిద్దాం. మన మీద ఎట్ల నింద ఏస్తున్నరో జనానికి తెల్వాలె" అన్నారు. నేను జెండా పట్టుకుని నడిచినదాన్నే. అయినా కుదరదన్నాను. "ఆ పిల్ల ఒంటి సంగతి నా పుస్తకంల ఉన్నదంటె ఆమె నన్ను నమ్మి చెప్పింది గాబట్టి. అది స్టేజీ మీద జెప్పుటానికి గాదు." వాళ్లు కాస్త నొచ్చుకున్నారు. ఒకతను "నువ్వు ఎవ్వరి దిక్కు అక్కా" అని కూడా అడిగాడు. ఆమె దిక్కు అన్నాను.

మెమో వచ్చింది. అధికారుల ఎదుట అమర్యాదగా ప్రవర్తించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. నేను మూడు పేజీలు రాశాను. ఇంగ్లిషులో రాయించుకోమని సలహా ఇచ్చారు, రాయించుకోలేదు. ఎర్రసిరా పేజీ జిరాక్సు జత చేశాను, ఆమె పేరు మీద తెల్ల కాగితం అంటించి. సంజాయిషీ చదివారో లేదో తెలియదు. బదిలీ కాగితం మాత్రం వచ్చింది, భూపాలపల్లి దిక్కుకు.

చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించే ఊరది. ఆరేసిన చీర మీద సన్నటి బూడిద పడేది. కొత్త ఊళ్లు, కొత్త ఆడవాళ్లు. మొదటి వారమే కొత్త రిజిస్టరులో స్కేలు పెట్టి గళ్లు గీశాను. ఈసారి నాలుగు. నాలుగోది ఏమిటంటే, రాసిందంతా ఆమెకు చదివి వినిపించానా లేదా. అవునంటేనే టిక్కు. చదివి వినిపిస్తుంటే వాళ్లే తప్పులు దిద్దేవాళ్లు. "నాకు రెండో కాన్పు గాదు సిస్టర్, మూడోది. నడిమిది పోయింది" అని ఒకామె అప్పుడే చెప్పింది.

అక్కడ ఉండగా నర్సులకు ఒక ట్రైనింగు పెట్టారు. చివర్న తలా ఒక కాగితం ఇచ్చారు. రాబోయే రోజుల్లో నర్సుల పనిలో కంప్యూటరు ఏ దిశగా సాగాలి, మీ ప్రాధాన్యాలను వరుసగా గుర్తించండి అని. కింద గళ్లు. వేగమైన నెట్టు. చేతిలో పట్టే చిన్న కంప్యూటరు. నర్సుల వేలిముద్ర హాజరు. ఇట్లాంటివే. నాకు ఒళ్లు మండింది. ఒక్క గడిలోనూ అంకె వేయలేదు. కాగితం తిప్పి వెనక రాశాను. మా తండాల పేర్లు పెట్టండి. ఆడవాళ్లు పనికి వలసపోతారని మీ కంప్యూటరుకు చెప్పండి. మేము రాసింది మాకు తిరిగి కనిపించనివ్వండి, పైకి పంపడానికే అయితే అది మా పనికి రాదు. జరగని పరీక్షను జరగలేదని రాయనివ్వండి. నర్సు వచ్చిందా లేదా అని చూసే మిషను కంటే ముందు, నర్సు చెప్పింది వినే మిషను చేయండి. కింద నా పేరు, ఊరు, ఫోను నంబరు రాశాను. పేరు రాయనక్కర్లేదన్నారు. రాస్తానన్నాను.

నెల దాటాక ఒకావిడ వెతుక్కుంటూ వచ్చింది. ఆ కంప్యూటరు పని చేసే బృందంలో మనిషి. కోస్తా యాస, బాపట్ల దిక్కుదట. గేటు దగ్గర నిలబడి "మీరేనాండీ కాగితం వెనక రాసింది?" అంది. ఆ యాస వినగానే నా మనసు ముడుచుకుంది. మీటింగులో నవ్వులు గుర్తొచ్చాయి. "నేనే. ఏంది?" అన్నాను పొడిగా.

"మీతో రెండ్రోజులు తిరగనిస్తారా?"

తిరిగింది. ఎండలో, ఆ చెప్పులతో, నోరెత్తకుండా నా సంచి మోసింది. నేను అడిగే ప్రశ్నలు, వాళ్లు చెప్పే జవాబులు తన పుస్తకంలో రాసుకుంది. నాకు వచ్చిన లంబాడీ ముక్కలు తనకూ చెప్పించుకుంది. రెండో రోజు సాయంత్రం వరండాలో కూర్చుని నిజం చెప్పింది. "అన్నీ మార్పించడం నా వల్ల కాదండీ. పైన ఒప్పుకోరు. ఒక్కటి, గట్టిగా పట్టుబడితే ఒక్కటి మార్పించగలను. మీరు ఏది కావాలంటారు?"

నా రిజిస్టరు తెరిచి గళ్లన్నీ ఒకసారి చూసుకున్నాను. తండాల పేర్లు కావాలి. వలస గడి కావాలి. చదివి వినిపించడం కావాలి. అన్నీ వదులుకుని ఒక్కటే అడగడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

"చూడలేదు అని కొట్టనియ్యిండ్రి. అది కొట్టినంక ముందుకు పోనియ్యిండ్రి. అబద్ధం ఆడకుండ పని జేస్కుంటం, మిగిలినవి మల్ల కొట్లాడి తెచ్చుకుంటం."

ఆరు నెలలకు ఆ బటను వచ్చింది. "పరీక్ష జరగలేదు." పాత చోటి నుంచి ఆపరేటరు ఫోన్ చేసి, "అక్కా, వచ్చింది, వచ్చింది" అని పండగలా అరిచింది. ఆమె ఉద్యోగం పోలేదు.

ఆ తర్వాత ఒక రోజు ఆశా అక్క, ఆ పిల్ల ఇద్దరూ రెండు బస్సులు మారి నా దగ్గరికి వచ్చారు. ఆమె మళ్లీ గర్భవతి. నాతో చూపించుకుందామని వచ్చిందనుకున్నాను. బీపీ చూశాను, బాగుంది. అప్పుడు అడిగింది, నెమ్మదిగా, "సిస్టర్, నా బిడ్డ ఎందుకు సచ్చిపోయిందని రాసిన్రు?"

అప్పటికి నాకు తెలుసు. నా సంతకం లేకుండానే ఎవరో ఒక కారణం ఎంచి మూసేశారు. "కుటుంబం ఆలస్యం చేసింది" అని ఉంది. రాస్తారోకో అన్నా ఒకందుకు నయమేమో. చెప్పకుండా దాటేయాలని ఒక్క క్షణం అనిపించింది. చెప్పాను.

ఆమె ముఖం మారిపోయింది. "మేం ఆలస్యం జేసినమా? మా అత్త పొయ్యి మీద అన్నం కూడ దించకుండ ఉరికొచ్చింది." ఆశా అక్క వైపు చూసింది, నా వైపు చూసింది. "మేం ఆలస్యం చెయ్యలే. గది తీసేయిండ్రి."

ఆ మధ్యాహ్నమే దరఖాస్తు రాశాం. ఆమె తన భాషలో చెప్తుంటే ఆశా అక్క తెలుగులో చెప్పింది, నేను రాశాను. చివర్న ముగ్గురం కింద గుర్తులు పెట్టాం, ఆమె వేలిముద్ర, మా ఇద్దరి సంతకాలు. కొన్నాళ్లకు జవాబు వచ్చింది. నమోదైన వివరాలు మార్చే వీలు లేదట. మళ్లీ రాశాం. దానికి జవాబే లేదు. ఈలోగా ఆమెకు కొడుకు పుట్టాడు, తల్లీబిడ్డా క్షేమం. కొడుకు పుట్టాక కూడా ఆమె దరఖాస్తు సంగతి మర్చిపోలేదు.

రాష్ట్రం వచ్చింది. భూపాలపల్లిలో గులాలు, డప్పులు, మిఠాయిలు. నేనూ మా ఊరి ఆడవాళ్లతో కలిసి రోడ్డు మీద ఆడాను, చెప్పు తెగిపోయేదాకా ఆడాను. ఆ వారంలోనే కొత్త రాష్ట్రం పేరు పైన రాసి అదే దరఖాస్తు మూడోసారి పంపాం. ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. మన యాసే.

"ఇప్పుడు రాష్ట్రం మనదే గదమ్మా. ఇంకా పాతయి ఎందుకు తవ్వుడు?"

"మనది గాబట్టే అన్నా. రాజ్యం మంది చేతుల ఉన్నప్పుడు అడిగినం, ఇప్పుడు అడుగొద్దా?"

ఆయన నవ్వి, చూస్తానన్నాడు. చూశాడు కూడా. నెలన్నరకు కాగితం వచ్చింది. కారణం మార్చారు. "కుటుంబం ఆలస్యం చేసింది" పోయింది. దాని బదులు "ఇతర కారణాలు" వచ్చింది. నాకు సంతోషమైంది. బస్సెక్కి తండాకు పోయి ఆమెకు చదివి వినిపించాను. ఆమె కొడుకును ఒళ్లో పెట్టుకుని విన్నది.

"ఇతర అంటె ఎవ్వలు?" అంది.

కాగితం మడిచి పక్కన పెట్టాను. తర్వాత చెప్పాను, "మేమే. దవాఖానోళ్లం."

"మరి గదే రాయుమను."

సంచిలోంచి తెల్ల కాగితం తీశాను. ఆశా అక్కను పిలుచుకొచ్చారు. ముగ్గురం చాప మీద కూర్చుని నాలుగో దరఖాస్తు మొదలుపెట్టాం.